పాత పెద్ద యాక్సిళ్లు వేస్తే టిప్పర్ సంపాదన పెరుగుతుందా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాది 2019 మోడల్ పది టైర్ల టిప్పర్. లక్డారం క్రషర్ల నుంచి కొల్లూరు, కోకాపేట సైట్లకు కంకర, డస్ట్ తోలుత. రోజుకు మూడు ట్రిప్పులు, నెలకు 22 రోజులు. టన్నుకు 200 కిరాయి. ఇప్పుడు 19 టన్నులు వేస్తున్న. వెనక యాక్సిల్ ఒకటి అరుస్తోంది. 2025 ఎండాకాలంల రెండు యాక్సిళ్లకు రిపేరు ఎస్టిమేట్ వేయిస్తే 1.45 లక్షలన్నరు. ఆటోనగర్‌ల ఒకాయన దగ్గర తుక్కు కింద కటింగ్‌కొచ్చిన పెద్ద బండి యాక్సిళ్లు జత ఉన్నయి, హబ్ రిడక్షన్‌వి, అంటే చక్రాల కాడ గూడ గేర్లుంటయి. 2.40 లక్షలంటున్నడు. బిగింపు, కమాన్ పట్టీల మార్పు అన్నీ కలిపి 3.40 అయితది. బండి పన్నెండు రోజులు ఆగుతది. అవి వేస్తే 22 టన్నులు ధైర్యంగ వెయ్యొచ్చు. నెలకు 40 వేలు ఎక్కువొస్తయి, తొమ్మిది నెలల్ల పైసలు వాపస్. బ్యాంకుల 1.60 లక్షలున్నయి. మా ఇంటామె పేరు మీద 3 లక్షల చీటీ ఉంది. 20 నెలల్ల 8 కట్టినం. ఇప్పుడెత్తితే 2.45 చేతికొస్తది. అది బిడ్డ ఇంజినీరింగ్ ఫీజుకని వేసుకున్నది. బండి కిస్తీ 38 వేలు, ఇంకా 11 నెలలుంది. పది వేలు అడ్వాన్స్ ఇచ్చిన. కొనాల్నా, వద్దా? – ఒక టిప్పర్ ఓనర్, పటాన్‌చెరు

జవాబు: వద్దండి. అరుస్తున్న యాక్సిల్‌ను బాగు చేయించుకోండి, పెద్ద యాక్సిళ్ల సంగతి మరిచిపోండి. ఫైనాన్స్ చెప్పే ఆవిడకు యాక్సిళ్ల గురించి ఏం తెలుసంటారేమో. మా మేనమామ ముప్పై ఏళ్లు లారీ నడిపించాడు. మా ఇంట్లో పండక్కి నలుగురు చేరితే ముందు డీజిల్ రేటు, తర్వాతే పిండివంటలు.

మీ కూడికలో తప్పు లేదు. మూడు టన్నులు, మూడు ట్రిప్పులు, 22 రోజులు, 200 రూపాయలు: 39,600. తప్పంతా ఆ మూడు టన్నుల్లోనే ఉంది. మీరు పంపిన ఆర్సీ ఫొటో చూశాను. మొత్తం బరువు 28,500 కిలోలు, ఖాళీ బండి 11,200. అంటే చట్టం ఒప్పుకునే లోడు 17.3 టన్నులు. ఇప్పుడు వేస్తున్న 19 టన్నులే 1.7 ఎక్కువ. ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, బహుశా మీ లెక్కలోనూ లేదు.

2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచినప్పుడు మీ పది టైర్ల బండిలాంటి మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కు పెరిగింది. వెనక జంట యాక్సిళ్లకు 19 నుంచి 21 టన్నులైంది. ఆ అంకె యాక్సిళ్ల సంఖ్యను, టైర్లను బట్టి వేసింది. ఇనుము ఎంత మందమన్నది అందులో లేదు. వెనక కొండను మోసే యాక్సిల్ బిగించినా కాటా మీద మీ హద్దు 28.5 దగ్గరే ఉంటుంది.

ఇంకో చిక్కు ఆటోనగర్ ఆయన చెప్పి ఉండడు. హబ్ రిడక్షన్ యాక్సిల్ మామూలు దాని కన్నా బరువు. జత కలిపి 300 కిలోలు పెరిగిందనుకుందాం. ఖాళీ బండి అంత బరువెక్కితే న్యాయంగా వేసుకునే లోడు అంత తగ్గుతుంది. మీ కిరాయి లెక్కనే నెలకు 3,960 రూపాయలు పోతాయి. 3.40 లక్షలు పెట్టి లోడు తగ్గించుకోవడమన్నమాట. ఓవర్‌లోడ్ వేస్తేనే గిట్టుబాటయ్యే సామాను ఇది. అందుకే దీన్ని పెట్టుబడి అని నేను అనలేను.

సరే, ఓవర్‌లోడే వేస్తారనుకుందాం, అందరూ వేస్తున్నారుగా అంటారు. అప్పుడు కూడా 39,600 మొత్తం మీ జేబులోకి రాదు. ట్రిప్పుకు రానూపోనూ 60 కిలోమీటర్లు వేసుకున్నాను. నెలకు దాదాపు 3,960 కిలోమీటర్లు. లీటరుకు మూడు కిలోమీటర్ల చొప్పున 1,320 లీటర్లు. మూడు టన్నుల అదనపు లోడుకు, మారిన రేషియోకు (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) మైలేజీ 2.7కు పడితే 147 లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు 96 లెక్కన 14 వేలు. మిగిలింది పాతిక వేల పైచిలుకు, టైర్ల అరుగుదల ఇంకా తీయకుండానే. పన్నెండు రోజులు బండి ఆగితే, రోజుకు డీజిల్, డ్రైవర్ పోను మిగిలే నాలుగు వేల పైచిలుకు చొప్పున యాభై వేలు ఖర్చులో కలపాలి. 3.90 లక్షలను పాతిక వేలతో భాగించండి. మీ తొమ్మిది నెలలు పదిహేను నెలలు దాటాయి.

అన్నాళ్లూ ఒక్కసారైనా కాటా ఎక్కించరని నమ్మకమా? మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ ఓవర్‌లోడ్‌కు 20 వేలు, పైన టన్నుకు 2 వేలు అంటుంది. 22 టన్నులు వేస్తే మీరు 4.7 టన్నులు ఎక్కువ. దాదాపు 30 వేలు, దానికి తోడు ఎక్కువ సరుకు అక్కడే దింపాలి. నెల లాభం ఒక్క మధ్యాహ్నంలో పోయినట్టే. యాక్సిల్ మార్పు దానికదే ఇంకో తప్పు. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి పొంతన లేకుండా బండిని మార్చకూడదని 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అలా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చని 182ఎ సెక్షన్. 5 వేలే కదా అనుకోకండి. నాకు భయం ఇన్సూరెన్స్ దగ్గర. కోకాపేట దిగుడులో ఏదైనా జరిగిందనుకోండి, సర్వేయరు మొదట చూసేది ఆర్సీకి బండికి పోలిక ఉందా అని. మీ బండి నష్టానికి వేసే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరగ్గొట్టడానికి ఆ ఒక్క సాకు చాలు. ఎదుటివాళ్లకు ఇచ్చే థర్డ్ పార్టీ సొమ్ము కంపెనీ కట్టినా, మీ దగ్గర వసూలు చేసుకోవడానికి దారి దొరుకుతుంది.

బండి సంగతి చూసినా అంతే. బ్రేకులు, క్లచ్, గేరుబాక్సు, ఛాసిస్, ముందు యాక్సిల్ అన్నీ 28.5 టన్నులకే కట్టినవి. కాళ్లు ఏనుగువి తగిలించినంత మాత్రాన ఎద్దు నడుము మారదు. రేషియో కూడా అడిగారా? మామూలు యాక్సిల్‌లో క్రౌన్‌కు (పెద్ద పళ్ల చక్రం) 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కు 7 ఉంటే రేషియో 5.86. పినియన్‌కు 6 పళ్లుంటే 6.83. చూడ్డానికి ఒక్క పన్ను తేడా, కానీ అదే స్పీడులో ఇంజిన్ దాదాపు 17 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఎత్తు బాగా లాగుతుంది, రోడ్డు మీద డీజిల్ తాగుతుంది. స్పీడు సెన్సారు గేరుబాక్సు దగ్గరున్న బండిలో మీటరు, స్పీడు గవర్నరు రెండూ తప్పు చూపిస్తాయి. ఇక జంట యాక్సిళ్లలో ఒకదాని రేషియో ఒకటి, రెండోదానిది ఒకటి అయితే రెండూ ఒకదాన్నొకటి గుంజుకుని రెంటికీ బలం పంచే మధ్య డిఫరెన్షియల్‌ను మాడ్చేస్తాయి. "జత" అని అమ్మేవాడు రెండూ ఒకే బండివని రాసిస్తాడా? 2027లో బండికి ఎనిమిదేళ్లు నిండుతాయి. అక్కడి నుంచి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి కాదు, ఏటా. ప్రతి ఏడూ ఇన్‌స్పెక్టర్ ముందు ఆ యాక్సిళ్లను పెట్టుకుని నిలబడాలి.

పాత సామాను అంటేనే పాపమని నేననను. మీ హౌసింగ్ (యాక్సిల్ పైతొడుగు) వంగిందనో, పగిలిందనో తేలితే, అదే మోడల్, అదే రేషియో ఉన్న పాత హౌసింగ్ కొనడం తెలివైన పనే. అప్పుడు మాత్రం డ్రెయిన్ బోల్టు విప్పించి నూనె చూడండి. మెరిసే ఇనుప రజను కనిపిస్తే, మాడిన వాసన వస్తే వదిలేయండి. బేరింగ్ కూర్చునే చోట అరుగుదల చూడండి. మీది బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి కాబట్టి హబ్‌లో సెన్సారు పళ్ల రింగు ఉందో లేదో చూడండి. పైపైన కొత్త రంగు ఉంటే గీకించండి. మా మామ ఒకసారి రంగు చూసి మోసపోయాడు. కింద పాత వెల్డింగ్. కంకర లోడుతో సూర్యాపేట దాటాక విడిపోయింది. పదహారు రోజులు బండి షెడ్డులో, మామ షెడ్డు బయట మంచం మీద. తర్వాత ఆయన ఎక్కడికెళ్లినా జేబులో చిన్న గీకుడు బద్ద ఉండేది, కూరగాయల బేరానికి కూడా తీసేవాడని అత్తయ్య ఏడిపించేది.

రిపేరుకు వద్దాం. మీ ఎస్టిమేట్ 2025 ఎండాకాలానిది. ఆ ఏడు సెప్టెంబరు 22 నుంచి లారీ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మీ 1.45 లక్షల్లో 30 వేలు కూలీ, మిగతాది సామాను అనుకుంటే, అసలు ధర పెరగకపోతే తొమ్మిది వేల దాకా తగ్గాలి. కొత్త ఎస్టిమేట్ వేయించండి, రాణిగంజ్‌లో ఒకటి రెండు షాపుల్లో సామాను రేటు విడిగా కనుక్కోండి. అన్నిటికన్నా ముందు, రెండు యాక్సిళ్లూ ఒకేసారి చేయించాలా అని అడగండి. అరుస్తున్నది ఒకటే అని మీరే రాశారు. దాన్ని విప్పించి క్రౌన్, పినియన్, బేరింగులు మార్పించండి. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి, మీ పాత రేషియోదే వెయ్యాలి. రెండోది మూత తీసి చూసి, బాగుంటే నూనె మార్చి మూసేయమనండి. ఎక్సలేటర్ నొక్కినప్పుడు అరుస్తోందా, వదిలినప్పుడా అన్నది మెకానిక్‌కు ముందే చెప్పండి, వెతుకులాట తగ్గుతుంది. ఇదంతా 70, 75 వేలలో, నాలుగైదు రోజుల్లో తేలాలి. బ్యాంకులో ఇంకా 85 వేలుంటాయి. అవి కదపకండి. రెండు కిస్తీలు కట్టేంత డబ్బు పక్కన లేని బండి ఓనరుకు పది రోజులు పని ఆగితే ఫైనాన్స్ వాళ్ల ఫోన్లే మిగులుతాయి.

చీటీ మాట. వడ్డీ లెక్కన అది చెడ్డ అప్పేమీ కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 2.85 లక్షలు వస్తాయనుకుంటే, ఇప్పుడు ఎత్తినందుకు పోయేది 40 వేలు. ఏడాదికి 16 శాతం, నూటికి నెలకు రూపాయి ముప్పై ఐదు పైసలు. బయట మూడు రూపాయల వడ్డీకి, రోజువారీ గిరిగిరికి తెచ్చే దానికన్నా చాలా నయం. కానీ ఆ చీటీ మీది కాదు, మీ అమ్మాయి ఫీజుది. ఎత్తాక కూడా నెలనెలా 15 వేలు కడుతూనే ఉండాలి, ఫీజు కట్టే రోజు వచ్చేసరికి చేతిలో ఉండేవి రెండు పాత యాక్సిళ్లు. చీటీ మీ ఆవిడ పేరు మీద ఉంది కదా, ఆమె ఏమన్నారో మీరు రాయలేదు. ఒకసారి అడగండి.

"బిల్లు లేకుంటే ఇంకా తగ్గిస్తా" అని ఆటోనగర్ ఆయన అన్నా ఒప్పుకోవద్దు. ఏ సామాను కొన్నా బిల్లు కావాలి. పన్ను కోసం కాదు. పది బండ్ల లోపు ఓనర్లకు ఆదాయపు పన్నులో 44ఏఈ అని అలవాటైన పద్ధతిలో మీ ఆదాయం ఎలాగూ టన్నుకు నెలకు వెయ్యి చొప్పున లెక్కవుతుంది, మీ 28.5 టన్నుల బండికి ఏడాదికి 3.42 లక్షలు. అందులోంచి రిపేరు ఖర్చు విడిగా తీసేయడానికి ఉండదు. బిల్లు కావాల్సింది ఎందుకంటే, కటింగ్‌కొచ్చిందని చెప్పిన బండి నిజానికి ఎవరి ఇంటి ముందు నుంచో మాయమైందైతే, పోలీసులకు చూపించడానికి మీ దగ్గర ఒక కాగితం ఉండాలి.

పెద్ద లోడు మీద మనసుంటే దానికో దారి ఉంది, కాకపోతే 11 నెలల తర్వాత. కిస్తీ అయిపోయాక ఈ బండికి మార్కెట్లో ఎంత వస్తుందో చూసి, అప్పుడు పన్నెండు టైర్ల టిప్పర్ మాట్లాడదాం. నాలుగు యాక్సిళ్ల బండికి ఆర్సీలోనే 35 టన్నులుంటుంది, ఓవర్‌లోడ్ భయం లేకుండా ఎక్కువ వేసుకోవచ్చు. ఆ రోజుకు కంపెనీ యాక్సిళ్లే ఉన్న బండికి, అతుకులేసిన బండికి ధరలో ఎంత తేడా వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈలోగా లోడు 17.3కు దించండి. నెలకు 22 వేల చిల్లర కిరాయి తగ్గుతుంది, నొప్పిగానే ఉంటుంది. కొంత డీజిల్లో తిరిగొస్తుంది. ఆ యాక్సిల్ అరవడం మొదలుపెట్టింది కూడా ఆ 1.7 టన్నుల వల్ల కాదని మీ మెకానిక్ అంటే నాకు రాయండి.

ఇక అడ్వాన్స్ పది వేలు. అది పోతుందన్న బాధతో మిగతా 3.30 లక్షలు పెట్టకండి. ఆయన వెనక్కి ఇవ్వనంటే గొడవ పడొద్దు. మీ బండికి సరిపోయే బ్రేక్ డ్రమ్ములో, హబ్బో ఆయన దగ్గర మంచివి ఉంటాయి, ఆ పది వేలకు అవి తీసుకోండి. తీసుకునే ముందు రంగు గీకి చూడండి.