క్రీము చెదరకుండా తాడిపత్రి చేరాలంటే

ప్రశ్న: అనంతపురంలో మా ఇంటి వంటగదిలోనే కేకులు చేసి, తెలిసినవారి ద్వారా వచ్చే ఆర్డర్లకు ఇస్తున్నాను. ఇంతవరకూ ఊళ్లోనే ఇచ్చేదాన్ని కనుక ఇబ్బంది రాలేదు. మే నెలలో తాడిపత్రిలో ఒక పుట్టినరోజుకు 60 కప్‌కేకులు అడిగారు. పైన వెన్న, పంచదార పొడి కలిపిన క్రీముతో పువ్వులు వేసి, పన్నెండేసి పట్టే అట్టపెట్టెల్లో సర్ది, మధ్యాహ్నం కారు డిక్కీలో పెట్టుకుని బయలుదేరాము. అక్కడ తెరిచి చూస్తే కొన్నింటి క్రీము మూతకు అంటుకుంది, కొన్ని పక్కకు ఒరిగాయి, మిగిలినవాటి మీది పువ్వులు ముద్దలైపోయాయి. సగం డబ్బు వదులుకోవలసి వచ్చింది. ఇంకా ఖరీదైన పెట్టెలు కొనమంటారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పెట్టెలు మార్చవలసిందే, కానీ మీకు జరిగిన నష్టంలో పెట్టె పాత్ర తక్కువ, ఎండ పాత్ర ఎక్కువ. వెన్నలోని కొవ్వు 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. అంతకు చాలా ముందే, 27, 28 డిగ్రీల దగ్గరే, అది మెత్తబడి పువ్వు అంచులు జారడం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం మన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ఎండలో నిలిపిన కారు లోపల గంట గడిచేసరికి బయటికంటే 20 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, పైగా ఏసీ గాలి డిక్కీలోకి సరిగా చేరదు. ఈ పరిస్థితిలో 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన వెన్న క్రీము ఎంత గొప్ప పెట్టెలో ఉన్నా నిలవదు.

కాబట్టి ఆర్డరు ఒప్పుకునే రోజునే, కేకు ఎంత దూరం, ఏ వేళలో వెళ్లాలో అడిగి, దాన్నిబట్టి పైపూతను మీరే నిర్ణయించండి. వేసవిలో దూరపు ఆర్డర్లకు నేను మొదట సూచించేది చాక్లెట్ గనాష్. బరువులో రెండు పాళ్లు డార్క్ చాక్లెట్‌కు ఒక పాలు క్రీము కలిపి చేసినది చల్లారాక గట్టిగా నిలుస్తుంది. వైట్ చాక్లెట్ అయితే మూడు పాళ్లు తీసుకోవాలి. చాక్లెట్‌లోని కొవ్వు కూడా సుమారు 34 డిగ్రీలకు కరిగేదే కనుక గనాష్‌నైనా ఎండకు వదిలేయకూడదు. వెన్నలో సగం తీసి వనస్పతి వేసే పద్ధతి చాలామంది పాటిస్తున్నారు. దానితో పువ్వు మరికొంత సేపు నిలుస్తుంది, అయితే నోటిలో జిడ్డుగా తగులుతుంది కనుక నాకు అంతగా నచ్చదు. వాడదలిస్తే కొవ్వుల్లో, నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గట్టిపరచేటప్పుడు ఏర్పడే హానికరమైన కొవ్వు) 2 శాతం మించరాదన్న నిబంధన 2022 నుంచి అమలులో ఉందని గుర్తుంచుకుని, ప్యాకెట్టు మీద ఆ అంకె చూసి కొనండి. విప్పింగ్ క్రీము వేసినవాటిని మాత్రం ఐసు పెట్టె లేకుండా వేసవిలో ఊరు దాటించవద్దు.

వీటన్నిటికంటే నిశ్చింతగా ఉండే దారి మరొకటి ఉంది. కేకులను వట్టివిగా తీసుకువెళ్లి, క్రీమును పైపింగ్ బ్యాగుల్లో, అంటే నొక్కి పువ్వులు వేసే సంచుల్లో నింపి, చల్లదనం నిలిపే జెల్ ప్యాకులున్న థర్మాకోల్ పెట్టెలో వేరుగా తీసుకువెళ్లడం. నాజిల్ అమర్చిన బ్యాగు చేతిలో ఉంటే 60 కేకులకు పువ్వులు వేయడానికి మీవంటి అలవాటున్నవారికి అరగంట, ముప్పావు గంట చాలు. విందువారి ఇంట్లో ఒక బల్ల, ఒక ఫ్యాను ఉంటే సరిపోతుంది. ఆ పనికి అదనపు రుసుము ముందే చెప్పి తీసుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

ఇక పెట్టె సంగతి. పన్నెండు పట్టే పెట్టెను ఎత్తినప్పుడు అడుగు అట్ట నడుమ వంగుతుంది, ఆ వంపుకే కేకులు ఒకదానిపై ఒకటి ఒరుగుతాయి. ఆరు పట్టే పెట్టెలే తీసుకోండి. క్రీము పువ్వుతో కలిపి కప్‌కేకు 8, 9 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది కనుక పెట్టె లోపలి ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. ఒక్కో కప్పు ఒక్కో రంధ్రంలో కూర్చునేలా లోపల అమర్చే రంధ్రాల అట్ట లేని పెట్టె ఎంత చవకైనా కొనవద్దు. ఆ రంధ్రాల కొలత అన్ని పెట్టెలకూ ఒకటిగా ఉండదు, కాబట్టి మీరు చేసిన ఒక కేకును దుకాణానికే తీసుకువెళ్లి అందులో కూర్చోబెట్టి చూడండి. కప్పు సగం దాకా దిగి బిగుతుగా నిలవాలి, పెట్టెను కొద్దిగా వంచినా కదలకూడదు.

సర్దిన పెట్టెలను బయలుదేరే ముందు గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న క్రీము, గనాష్ రెండూ గట్టిపడతాయి. గమ్యం చేరాక వెంటనే మూత తీయకండి. చల్లని కేకుకు వేడిగాలి తగిలితే క్రీము మీద నీటి చెమ్మ పట్టి రంగులు కారుతాయి. మూసిన పెట్టెనే నీడలో అరగంటకు పైగా ఉంచితే ఆ చెమ్మ పెట్టె పైనే పడుతుంది.

మోసుకువెళ్లడానికి టమాటా మార్కెట్‌లో వాడే ప్లాస్టిక్ క్రేటును మించినది నాకు కనబడలేదు. శుభ్రంగా కడిగి, అడుగున జారని రబ్బరు మ్యాటు పరిస్తే, ఆరు కేకులు పట్టే పెట్టెలు సాధారణంగా నాలుగు పడతాయి, ఖాళీల్లో తువ్వాళ్లు చుట్టి కూరవచ్చు. కారును 15 నిమిషాలు ముందుగా ఏసీతో చల్లబరచి, క్రేట్లను సీటు మీద కాక కింద కాళ్లు పెట్టుకునే చోట, లేదా సీటు మడిచిన సమతలం మీద ఉంచండి. సీటు వెనక్కి వాలి ఉంటుంది కనుక దానిపై పెట్టినది ప్రతి స్పీడ్ బ్రేకరుకూ జారుతుంది. ఒళ్లో పెట్టుకోవడం కూడా మంచిది కాదు. స్కూటరు మీద ఊళ్లో నాలుగు వీధులకు మించి వద్దు. వీలైతే వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరండి.

ప్రశ్న: మా కప్‌కేకులు పెట్టెలో పెట్టిన రెండు మూడు గంటలకే కాగితపు కప్పుల నుంచి విడిపోతున్నాయి. కాగితం నాసిరకమా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కాగితం పలుచనైనా ఇలా జరుగుతుంది, అయితే ఎక్కువసార్లు దోషం ఆవిరిది. పొయ్యి నుంచి దించిన ట్రేలోనే కేకులను చల్లారనిస్తే ఆవిరి కాగితానికీ కేకుకూ నడుమ చేరుతుంది. అయిదు నిమిషాలకే వాటిని తీసి జాలీ మీద పెట్టి, పూర్తిగా చల్లారిన తరువాతే, అంటే సుమారు గంటకు, పెట్టెలో సర్దండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో మూయడం మరీ చెడ్డది.

ప్రశ్న: కోడిగుడ్డు వేసిన కప్‌కేకుల పెట్టె మీద పచ్చచుక్క వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వేయరాదు. ఆహార భద్రతా నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది, కనుక చదరంలో గోధుమరంగు త్రికోణం వేయాలి. గుడ్డు లేనివాటికే పచ్చచుక్క. చీటీ మీద పదార్థాల పేర్లు, నికర బరువు, తయారైన తేదీ, ఎన్నాళ్లలో తినాలో, మీ పేరు, చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల సంఖ్య కూడా ఉండాలి. గోధుమ, పాలు, గుడ్డు, గింజపప్పులు పడనివారి కోసం వాటిని ప్రత్యేకంగా చెప్పాలి. వేరుశనగ వాడితే దానిని కూడా తప్పక రాయండి. మన సీమలో అది రోజూ తినే పప్పే కావచ్చు, కానీ ఒంటికి పడనివారికి చిటికెడు పొడి కూడా ప్రాణం మీదికి తేగలదు.