2147483647 కూడు పెడుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి తోటే ఆధారం. మా వాడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. నెల రోజులుగా 2147483647 అనే సంఖ్యను పట్టుకుని నోటుపుస్తకాలు నింపుతున్నాడు. అది ప్రధాన సంఖ్యట. సీఎస్‌ఈ వద్దు, లెక్కలే చదువుతానంటాడు. ఆ చదువు కూడు పెడుతుందాండీ?

జవాబు: ముందు ఆ నోటుపుస్తకాలు దాచండి, పాతపేపర్లలో వేసెయ్యకండి.

ముప్పై ఒక్క రెళ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. దాన్ని ఒకటీ, అదీ తప్ప మరేదీ భాగించదని తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 46,341 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. నాలుగు వేలకు పైనే ఉంటాయి. ఆయిలర్ అనే స్విట్జర్లాండ్ గణితవేత్త 1772 నాటికే, కంప్యూటర్ ఊసైనా లేని రోజుల్లో, తేల్చేశాడు. ఎలాగంటే, దీనికి కారణాంకం అంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. అలాంటి సంఖ్యలు ఆ హద్దులోపు నాలుగు వందలైనా లేవు. మిగతావాటి జోలికి పోనక్కర్లేదు!

మీ వాణ్ణి ఒక్కటే అడగండి: "ఆ 1, 63లే ఎందుకురా?" కాగితం తీసి, అన్నం చల్లారినా కదలకపోతే వాడిది లెక్కల బుర్ర. "ఉండు నాన్నా, నిమిషంలో తేల్చే ప్రోగ్రామ్ రాస్తా" అంటే సీఎస్‌ఈలోనే సుఖపడతాడు. రెండోదేమీ తక్కువ కాదు. ఎంత పెద్ద సంఖ్యనైనా ప్రధానమో కాదో కచ్చితంగా, సహేతుకమైన కాలంలో తేల్చే పద్ధతిని 2002లో కనిపెట్టింది ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్ వాళ్లే. మణీంద్ర అగ్రవాల్ మాస్టారితో ఉన్న నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు.

మొదటి రకమైతే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీఎస్సీ, బెంగళూరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో లెక్కల డిగ్రీ బీ.మ్యాథ్ చూడండి. వాటి పరీక్షల్లో బిట్లు పెడితే చాలదు, ఎందుకో రాయాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ అందుకు పనికిరాదు. పాత పేపరు ఒకటి చేతికిచ్చి మూడు గంటలు వదిలేయండి, మీకే తెలుస్తుంది.

కూడు సంగతి దాచను. ఇది దేశవాళీ కొబ్బరి లాంటిది, నాటిన ఆరేడేళ్లకు గాని గెల వెయ్యదు. డిగ్రీ, పీజీ, ఆపైన పీహెచ్‌డీ. అందాకా ఇంటి మీద అప్పుల ఒత్తిడి ఉంటే మాత్రం సీఎస్‌ఈ తీసుకుని లెక్కలు వదలకుండా ఉండమనండి. బ్యాంకు లావాదేవీలకు తాళం వేసే పద్ధతుల్లో కొన్ని ఈ ప్రధాన సంఖ్యల మీదే నిలబడ్డాయి. రెంటిని గుణించడం తేలిక, వచ్చినదాన్ని విడదీయడం బ్రహ్మప్రళయం. అయితే వాటికి వందల అంకెలుండాలి, మీ వాడి పదంకెల సంఖ్య అక్కడ చాలదు. ఆ మాట వాడితో చెప్పి చూడండి, బాధపడడు, ఇంకా పెద్దదాని కోసం బయల్దేరతాడు.

ఈఏపీసెట్ మాత్రం ఎటుపోయినా రాయించండి.