అద్దం పగిలితే ముందు గాడి చూడండి

వేసవి సెలవుల క్రికెట్టు, ఏప్రిల్–మే నెలల వడగళ్లు, పడమటి ఎండ. హైదరాబాదులో కిటికీ అద్దాలకు గడ్డుకాలం ఇదే. ఈసారి శీర్షికలో వాటి మీద వచ్చిన ప్రశ్నలకే చోటిచ్చాం.

ప్రశ్న: మాది పాత ఇల్లు. టేకు కిటికీ రెక్కలో ఒక అద్దం బంతి తగిలి పగిలింది. చుట్టూ చెక్క పట్టీలు కొట్టి ఉన్నాయి. ఒక్క అద్దం కోసం వడ్రంగి రానంటున్నాడు. మేమే వేసుకోగలమా?
– ఓ గృహిణి, బర్కత్‌పుర

జవాబు: నిక్షేపంగా వేసుకోవచ్చు. పట్టీ కొట్టిన చెక్క కిటికీ అన్నిటిలోకీ సులువు. కబ్జాల స్క్రూలు తిరిగితే రెక్కను విప్పి బల్ల మీద పరుచుకోండి. అలా పెడితే కొత్త అద్దం గాడిలో దానంతటదే కూర్చుంటుంది, జారిపడే భయం ఉండదు.

పగిలిన అద్దం తీసేముందు దానికి రెండు వైపులా ప్యాకింగ్ టేపు అడ్డంగా, నిలువుగా అంటించండి. తోలు చేతి తొడుగులు, కళ్లజోడు, బూట్లు ఉండాల్సిందే. గుడ్డ తొడుగులు గాజుకు ఏమాత్రం ఆగవు. రెక్క విప్పలేక నిలువుగానే పనిచేస్తుంటే పెంకులు పైనుంచి కిందికి తీసుకురండి. కింది ముక్క ముందు లాగితే పైముక్క కత్తిలా జారి మణికట్టు మీద పడుతుంది.

పట్టీలు తీసేటప్పుడే చాలామంది తొందరపడతారు. పాత ఇళ్లలో పట్టీకీ రెక్కకీ మధ్య నాలుగైదు పూతల ఎనామెల్ పెయింటు జిగురులా పట్టుకుని ఉంటుంది. ముందు కటర్ బ్లేడుతో ఆ గీత వెంటే కోయండి. తర్వాత పొడవాటి పట్టీకి నడిమధ్యన లప్పం కత్తి దూర్చి మెల్లగా లేపండి. మూలలు 45 డిగ్రీల కోతతో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి, అక్కడ మొదలుపెడితే పట్టీ విరుగుతుంది. ఏది ఏ వైపుదో పెన్సిలుతో రాసుకుంటే తిరిగి అవే వాడుకోవచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు పూతల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు కాబట్టి గాడిని పొడిగా గీకకండి. తడిపి గీకండి, పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇక కొలత. గాడి అంచు నుంచి అంచుకు అడ్డం మూడు చోట్ల, నిలువు మూడు చోట్ల కొలిచి, వాటిలో చిన్న అంకెనే తీసుకోండి. ఐమూలగా కూడా రెండు వైపులా టేపు పట్టండి. ఆ రెండిటికీ తేడా 3 మిల్లీమీటర్లు దాటితే రెక్క మూలమట్టం తప్పినట్టే. అప్పుడు అంకెలు నమ్ముకోవద్దు, గాడిలో సరిపోయేలా అట్ట కోసి దాన్నే దుకాణానికి తీసుకెళ్లండి.

వచ్చిన కొలతలో అడ్డానికీ నిలువుకీ ఒక్కో సూత్ తగ్గించాలి. అంగుళానికి ఎనిమిది సూత్‌లు, అంటే సూత్ 3 మిల్లీమీటర్లకు కాస్త పైన. గాడి పద్నాలుగున్నర అంగుళాలకు 22 అంగుళాలు ఉందనుకుందాం. మిల్లీమీటర్లలో అది 368, 559. దుకాణంలో 365, 556 అని రాసివ్వండి. వానాకాలం తేమకు టేకు కూడా ఎంతోకొంత ఉబ్బుతుంది. ఆ ఖాళీ లేకపోతే చెక్క అద్దాన్ని అంచుల్లో నొక్కి జూలైకల్లా మళ్లీ పగలగొడుతుంది. అద్దం బిగుతుగా దిగితేనే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. గట్టిగా ఉండాల్సింది పట్టీ మాత్రమే.

ఈ సైజుకు 4 మిల్లీమీటర్ల అద్దం చాలు, బరువు రెండు కిలోలు. పాత పెంకు ఒకటి కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్తే మందమూ, ఛాయా సరిచూసి ఇస్తారు. ఇంట్లో కోసే ప్రయత్నం మాత్రం వద్దు. డైమండ్ కటర్‌తో ఒకే ఊపులో ఒకే గీత గీయాలి. రెండోసారి గీశారంటే అంచు పళ్లు పళ్లుగా విరుగుతుంది, తర్వాత పగులు మొదలయ్యేది అక్కడే. అంచులు రుద్ది ఇమ్మని దుకాణంలోనే అడగండి.

బిగించేటప్పుడు గాడి చుట్టూ 3 మిల్లీమీటర్ల సన్నటి సిలికాన్ గీత వేసి అద్దాన్ని దింపండి. నడుమ నొక్కకుండా అంచుల వెంట మాత్రమే అదమండి. ముందు పొట్టి పట్టీలు, తర్వాత పొడవువి. ముప్పావు అంగుళం సన్న మేకులు ఆరేసి అంగుళాలకు ఒకటి చాలు, అన్నీ కలిపి డజనున్నర దాటవు. మేకు మొన అద్దానికి దూరంగా వాలి ఉండాలి. పాత రంధ్రాల్లో మేకు పట్టదు, పక్కన కొట్టండి. అద్దం మీద అట్టముక్క పరిచి, సుత్తిని దాని మీదే జారిస్తూ కొడితే దెబ్బ తప్పినా అద్దానికి తగలదు.

ప్రశ్న: తొమ్మిదో అంతస్తు, పడమటి హాలు, అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. ఎవరూ ఏమీ విసరలేదు, అయినా ఒక మధ్యాహ్నం అద్దం కింది అంచు నుంచి పైకి వంకరగా పగిలింది. అంతకు నెల ముందే నల్ల ఫిల్మ్ అంటించాం. అద్దం నాసిరకమా?
– ఓ పాఠకుడు, మియాపూర్

జవాబు: అద్దాన్ని అనకండి, అనుమానించాల్సింది ఫిల్మ్‌ని. దెబ్బ తగిలి పగిలితే తగిలిన చోటు నుంచి నక్షత్రంలా గీతలు చీలుతాయి. వేడికి పగిలితే అంచుకు లంబంగా మొదలై, కొన్ని సెంటీమీటర్లు తిన్నగా వెళ్లి, తర్వాత ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. మీరు రాసింది అచ్చంగా రెండో రకం.

ముదురు రంగు ఫిల్మ్ ఎండను అద్దంలోనే ఆపుతుంది. అద్దం నడుమ వేడెక్కి సాగుతుంది. ఫ్రేములో దాక్కున్న అంచు చల్లగానే ఉంటుంది కాబట్టి సాగదు. ఆ లాగుడంతా అంచు మీద పడుతుంది. మామూలు అద్దం నడుముకీ అంచుకీ 40 డిగ్రీల తేడా దాకా ఓర్చుకుంటుంది, అదీ అంచు నున్నగా ఉంటేనే. కోతలో చిన్న పెచ్చు లేచి ఉందా, అంతకంటే ముందే పగులుతుంది. అద్దానికి ఆనుకున్న మందపాటి తెర, వెనక నిలబెట్టిన బీరువా, నేరుగా తగిలే ఏసీ గాలి ఈ తేడాను ఇంకా పెంచుతాయి.

మళ్లీ ఫిల్మ్ కావాలంటే ఈసారి 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం, అంటే కాల్చి గట్టిపరిచినది వేయించండి. అది సుమారు 200 డిగ్రీల తేడాను తట్టుకుంటుంది. పగిలినా పెద్ద పెంకులుగా కాక చిన్న గుళ్లలా రాలుతుంది, తొమ్మిదో అంతస్తు కింద నడిచేవాళ్ల తలలకు ఆ మేలు చిన్నది కాదు. కొలిచి ఆర్డరిచ్చాక తయారుచేస్తారు కాబట్టి వచ్చేదాకా పాతదానికి రెండు వైపులా టేపు వేసి, ఆ షట్టర్‌ను, అంటే జరిగే రెక్కను కదపకుండా ఉంచండి.

షట్టర్ విప్పేది ఇంట్లోంచే. ట్రాక్ పైభాగంలో షట్టర్ లేవకుండా అడ్డుముక్క ఉంటే ముందు దాన్ని తీయండి. ఇద్దరు చెరో పక్క పట్టి పైకెత్తి, కింది అంచును లోపలికి లాగితే వచ్చేస్తుంది. మూడడుగులకు నాలుగడుగుల 5 మిల్లీమీటర్ల అద్దమే 14 కిలోలు, ఫ్రేము అదనం. ఒంటరిగా ఎత్తొద్దు. దుప్పటి మీద పడుకోబెట్టి, ఒక పక్క నిలువు సెక్షన్‌కు పైనా కిందా ఉన్న స్క్రూలు విప్పి, రబ్బరు సుత్తితో తట్టి ఊడదీయండి. అద్దం చుట్టూ ఉన్న యూ ఆకారపు రబ్బరుతో సహా బయటికి వస్తుంది. మీది పగిలినా ఊడిపోలేదు కాబట్టి ఆ అద్దాన్నే కొలవండి, అంతకంటే నమ్మకమైన కొలత లేదు. రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది వేయండి. రబ్బరు తెగిన చోట అద్దం నేరుగా అల్యూమినియానికి తగిలి, గాలి వీచినప్పుడల్లా అంచు దెబ్బ తింటుంది. పనిలో పనిగా కింది బేరింగులు తిరుగుతున్నాయో లేదో చూడండి.

ట్రాక్ అడుగున బయటివైపు ఉండే సన్న రంధ్రాలు వాననీరు పోవడానికే. కొందరు వాటికి కూడా సిలికాన్ కొట్టేస్తారు. ఇక మొదటి వానకే నీళ్లు హాల్లోకి వస్తాయి.

బయటికి వంగి చేయాల్సిన ఫిక్స్‌డ్ (తెరుచుకోని) అద్దమైతే మీరు ముట్టుకోవద్దు. అల్యూమినియం కిటికీలు చేసే ఫ్యాబ్రికేటర్‌ను పిలవండి.

ప్రశ్న: ఇనుప కిటికీలో కింది అద్దం ఒక్కటే మూడుసార్లు పగిలింది. లప్పం కూడా నిలవడం లేదు, పొడిపొడిగా రాలుతోంది.
– ఓ రిటైర్డ్ ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: ఇది తుప్పు పని. వాననీరు కింది గాడిలోనే నిలుస్తుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటి కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అది పొరలు పొరలుగా లేచి అద్దాన్ని కిందినుంచి నెడుతుంది. గాడి బాగుచేయకుండా ఎన్నిసార్లు అద్దం మార్చినా ఇదే వరస. ఉలితో పొరలు లేపి, వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయండి. ఒక రాత్రి ఆగితే చాలు, కొత్త తుప్పు పట్టేస్తుంది.

లప్పం రాలడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, గోడలకు వేసే వైట్ సిమెంట్ పుట్టీ వాడటం. అది గట్టిపడ్డాక ఏమాత్రం సాగదు, అద్దం కదిలితే విరుగుతుంది. కిటికీకి కావాల్సింది సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పం. పెయింట్ల దుకాణంలో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. కిలో సుద్దపొడికి 180 నుంచి 200 గ్రాముల నూనె, కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా మర్దించండి. చేతికి అంటకుండా, వంచితే పగలకుండా ఉంటే అయినట్టే. రెండో కారణం, ప్రైమర్ లేని గాడి. తుప్పు పొడి మీద లప్పం పట్టదు. చెక్క కిటికీలో అయితే ఎండిన కర్ర లప్పంలోని నూనెను పీల్చేసి సుద్దను మిగులుస్తుంది.

గాడిలో 2–3 మిల్లీమీటర్ల మందాన లప్పం పరుపు వేసి, అడుగున రెండు చోట్ల చిన్న రబ్బరు ముక్కలు పెట్టి, వాటి మీద అద్దం నిలపండి. అద్దాన్ని పట్టి ఉంచే పాత క్లిప్పులు తిరిగి బిగించి, బయటివైపు లప్పం పెట్టి వాలుగా దిద్దండి. పైన ఆరిన పొర కట్టడానికి వారం, పది రోజులు పడుతుంది. అప్పుడు పెయింటు వేస్తూ అద్దం మీదికి 2 మిల్లీమీటర్లు పాకనివ్వండి. నీరు లోపలికి దిగకుండా ఆపేది ఆ సన్నటి గీతే. అద్దం మీద పెయింటు పడిందని దాన్ని బ్లేడుతో గీకేయకండి.

ప్రశ్న: సిలికాన్ ఏది కొనాలి? ఒక ట్యూబు ఎంతవరకు వస్తుంది?
– ఓ పాఠకుడు, సైదాబాద్

జవాబు: వెనిగర్ వాసన వచ్చేది ఆమ్ల రకం. మామూలు గాజుకు బాగా పడుతుంది గానీ పూత లేని లోహాన్ని తింటుంది, లామినేటెడ్ అద్దంలో రెండు గాజు పలకల మధ్య ఉండే ప్లాస్టిక్ పొరను అంచుల్లో పాడుచేస్తుంది. కిటికీలకు న్యూట్రల్ అని రాసి ఉన్నదే తీసుకోండి. 280 మిల్లీలీటర్ల ట్యూబు 5 మిల్లీమీటర్ల గీతకు దాదాపు 14 మీటర్లు వస్తుంది. పైన పొర నిమిషాల్లో కట్టినా లోపల రోజుకు 2–3 మిల్లీమీటర్లే ఆరుతుంది, ఒక రోజంతా రెక్కను కొట్టుకోనివ్వకండి. మామూలు సిలికాన్ మీద పెయింటు నిలవదన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: చిన్న పగులే. ఇన్‌స్టంట్ జిగురుతో అతికించవచ్చా?
– ఓ విద్యార్థిని, చిక్కడపల్లి

జవాబు: అతుకుతుంది, ఆగదు. పగులు కొసకు జిగురు చుక్క వేస్తే దుమ్ము, తేమ దూరకుండా కొన్నాళ్లు కాస్తుంది, అంతే. కారు ముందు అద్దానికి చేసే రెజిన్ చికిత్స లామినేటెడ్ అద్దం కోసం పుట్టింది, కిటికీలోని ఒంటి పొర అద్దానికి అది పనికిరాదు.

ప్రశ్న: టఫెన్డ్ అద్దం అర అంగుళం పెద్దదిగా వచ్చింది. దుకాణంవాళ్లు కోయలేమంటున్నారు. తప్పించుకుంటున్నారా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కోయలేమన్న మాట నిజమే. కొలిమిలో కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లార్చిన అద్దం అది. గీత పడి లోపలి ఒత్తిడి తెగితే మొత్తం గుళ్లయిపోతుంది. కోత, రంధ్రాలు అన్నీ కాల్చకముందే. మీరు రాసిచ్చిన కొలత కాగితం తీసి చూడండి. తప్పు వాళ్లదైతే కొత్తది వాళ్లే ఇవ్వాలి.

ప్రశ్న: పగిలిన పెంకులు చెత్త ఆటోలో వేయవచ్చా?
– ఓ గృహిణి, మల్కాజిగిరి

జవాబు: విడిగా పోయొద్దు. నాలుగు పొరల న్యూస్‌పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, పైన పెద్దక్షరాలతో గాజు అని రాసి, ఆటో అబ్బాయి చేతికి చెప్పి ఇవ్వండి. నేల మీద మిగిలిన నలుసులకు చీపురు చాలదు. తడి న్యూస్‌పేపర్‌తో అద్ది, లైటు ఆర్పి, టార్చి నేలకు ఆనించి వెలుతురు పారించండి. మిగిలినవి మెరుస్తాయి.