నొప్పి పోయింది కదా, ఇంకా రూట్ కెనాల్ ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కనిగిరి దగ్గర పల్లె. కింది దవడ పన్ను పుచ్చి నెల రోజులు నిద్ర లేదు. మందుల షాపు బిళ్లలతో నొప్పి పోయింది, కానీ చిగురు మీద పొక్కు లేచి చీము కారుతోంది. ఒంగోలులో చూపిస్తే రూట్ కెనాల్ అన్నారు. మా వాళ్లేమో ఇదంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే, పీకించేయమంటున్నారు.

జవాబు: నొప్పి పోయింది పన్ను బాగుపడి కాదమ్మా, లోపలి నరం చచ్చిపోయి. అక్కడికి రక్తం పోదు కాబట్టి బిళ్లల మందూ చేరదు, వేరు కొసన చేరిన చీము బయటికి వేసుకున్న దారే ఆ పొక్కు, దాన్ని చిదమొద్దు. ఫ్లోరైడ్ వల్ల పళ్లకు పసుపు, గోధుమరంగు మచ్చలొస్తాయి, పుచ్చడం వేరే సంగతి.

రూట్ కెనాల్ అంటే, మత్తు ఇచ్చి పన్ను పైన చిన్న రంధ్రం చేస్తారు. దవడ పన్నులో సన్నటి కాలువలు మామూలుగా మూడు, ఒక్కోసారి నాలుగు ఉంటాయి, వాటిని సూదుల్లాంటి ఫైళ్లతో గీకి, మందునీళ్లతో కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో మూసేస్తారు. రెండు మూడు సార్లు తిరగాల్సి రావచ్చు. ఆ తర్వాత పన్ను మీద వేసే తొడుగు, అదే క్యాప్, మాత్రం మానొద్దు, డబ్బులు మిగులుతాయని ఆగిపోయి, పండక్కి చెక్కలు కొరికి పన్ను రెండు ముక్కలు చేసుకొచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం!

పన్ను మరీ పాడైతే పీకించక తప్పదు, కానీ ఖాళీ వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి. షుగరుంటే ముందే చెప్పండి. బుగ్గ వాచి, జ్వరమొచ్చి, మింగలేకపోతే మాత్రం అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.