మేకా, గొర్రెనా? ముందు ముక్క చూడండి

ప్రశ్న: మా అత్తమ్మకు హిమోగ్లోబిన్ 9 ఉంది. మా ఆయనకు కొలెస్ట్రాల్ ఎక్కువ. ఇద్దరికీ ఆదివారం మటన్ ఉండాల్సిందే. గొర్రె మానేసి మేక తెమ్మని కొందరు, పెద్దకూరలో ఐరన్ ఎక్కువని ఇంకొందరు చెబుతున్నారు. ఏది తేవాలి మేడమ్?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మేకలో కొవ్వు తక్కువన్న మాట నిజమే. వంద గ్రాముల పచ్చి మాంసంలో కొవ్వు 2–3 గ్రాములు, ప్రోటీన్ 20 గ్రాముల దాకా ఉంటాయి. గొర్రెలో కొవ్వు 20 గ్రాములు దాటుతుందని ఫోన్లో కనిపించే లెక్క చూసి మాత్రం భయపడకండి. అది అమెరికాలో బాగా మేపిన గొర్రెపిల్లది, పైకొవ్వుతో సహా తూచింది. బీళ్లలో తిరిగి మేసే మన గొర్రెకు అంత కొవ్వు పట్టదు. అందుకే నేను ఏ జీవాలన్నదాని కంటే ఏ ముక్క అన్నదే ఎక్కువ పట్టించుకుంటాను. తొడ ముక్క అడగండి, తెల్లగా కనిపించే కొవ్వు తీయించేయండి. చాలా ఇళ్లల్లో కిలోకు ఇంత కొవ్వు అడిగి వేయించుకుని కూరలో కలుపుతారు. మీ ఆయనకు చేటు చేసేది అదే. దాన్ని ఇంటికి రానివ్వకండి.

అత్తమ్మ గారికి వారానికోసారి నాలుగైదు లివర్ ముక్కలు వండిపెట్టండి. మామూలు మాంసం కంటే ఐరన్ రెండింతలకు పైనే ఉంటుంది, బి12, ఫోలేట్ కూడా దండిగా దొరుకుతాయి. కొలెస్ట్రాల్ కూడా చాలా ఎక్కువ కాబట్టి మీ ఆయనకు ఆ కూర వద్దు. ఇంట్లో గర్భిణులుంటే వాళ్లకూ వద్దు, లివర్‌లో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

మాంసంలోని ఐరన్ ఆకుకూరల ఐరన్ కంటే తేలిగ్గా ఒంటికి పడుతుంది. పైగా పక్కనున్న ఆకుకూర ఐరన్ కూడా ఒంటపట్టేలా చేస్తుంది. అందుకే చింతచిగురు మటన్, గోంగూర మటన్ అంటే నాకు అంత ఇష్టం. తిన్న వెంటనే టీ మాత్రం ఇవ్వకండి, గంటన్నా ఆగాలి.

పెద్దకూర మీ ఇంట్లో తినే అలవాటుంటే సంకోచం లేకుండా తెచ్చుకోండి. బర్రె మాంసంలోనూ కొవ్వు తక్కువే, ఐరన్ బాగానే ఉంటుంది. అలవాటు లేకపోతే ఐరన్ కోసమని కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. ఏదైనా సరే, మనిషికి వారానికి వండిన మాంసం అరకిలో దాటకూడదు.

ఇక అత్తమ్మ గారి 9 అన్న అంకె నన్ను కలవరపెడుతోంది. ఆడవాళ్లకు 12 ఉండాలి. పెద్ద వయసులో కడుపులో పుండు వల్ల కూడా తెలియకుండా రక్తం పోతుంటుంది. ముందు డాక్టరుకు చూపించి కారణం తేల్చుకోండి, రాసిన ఐరన్ మాత్రలు మానిపించకండి.