డయాలసిస్ వాళ్లకి ప్రోకాల్సిటోనిన్ 0.9 వస్తే సెప్సిసేనా?

అన్నా, చెన్నైలో మీ నాన్నగారికి ప్రోకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే రక్తపరీక్ష) 0.9 వచ్చింది, 0.5 దాటితే ప్రమాదమని రిపోర్టులో ఉంది అన్నారు కదా, ఆ ఒక్క నంబర్ చూసి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) అనుకోకండి. ఆ 0.5 లెక్క కిడ్నీలు బాగున్నవాళ్లకి, డయాలసిస్ మీదున్నవాళ్లకి ఇన్ఫెక్షన్ లేకపోయినా ఇది ఎక్కువే ఉండొచ్చు, ఒంట్లో వాపుని చూపించే సీఆర్‌పీ పరీక్ష కూడా అంతే. పాత రిపోర్టుతో పోల్చమనండి, డాక్టర్‌ని అడిగి మళ్లీ చేయించి పెరుగుతోందా అని చూడాలి, శాంపిల్ మాత్రం డయాలసిస్‌కి ముందే ఇవ్వండి, తర్వాత ఇస్తే తగ్గినట్టు కనిపించొచ్చు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, మెడ దగ్గర కాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉందన్నారు, దాని గుండా ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లొచ్చు, అదే నా భయం. చలిజ్వరం వచ్చినా, బీపీ పడిపోయినా, మనిషి మత్తుగా ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వీలైతే యాంటీబయాటిక్ ఎక్కించేముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) రక్తం తీయమనండి. వీళ్లకి జ్వరం లేకుండా కూడా సెప్సిస్ రావచ్చు.