రాయబారి అంటే రాజభోగం అనుకుంటున్నారా?

"నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్ రాజులు పంపిన రాయబారుల జీవితం ఎలా ఉండేది? అదొక మంచి కెరీరేనా?" అని అడిగారు. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, బీకామ్. కానీ తొంభైల్లో ఓ హైదరాబాద్ కంపెనీ తరఫున ఢిల్లీలో నాలుగేళ్లు లైజాన్ ఆఫీసరుగా చేశాను. అందుకే ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత ప్రొఫెసర్ల కంటే నాకే ఎక్కువని నా గట్టి నమ్మకం.

లైజాన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. మన ఫైలు ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవాలి, ఆ బల్ల ముందు కూర్చోవాలి, రేపు రమ్మంటే రేపు వెళ్లాలి. మొగల్ చక్రవర్తి జహంగీర్ కొలువులో సర్ థామస్ రో చేసిందీ అదే. పేరుకు ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ పంపిన రాయబారి. జీతం ఇచ్చేది మాత్రం ఈస్టిండియా కంపెనీ, ఏడాదికి 600 పౌన్లు. అంటే దర్బారులో నిలబెట్టాల్సింది రాజుగారి పరువు, పైసలు అడగాల్సింది షావుకార్లని. చిక్కంతా ఇక్కడే.

1615 సెప్టెంబరులో సూరత్‌లో దిగాడు. దారిలో బుర్హాన్‌పూర్‌లో జబ్బుపడ్డాడు. అజ్మీర్‌లో జహంగీర్ దర్శనం అయ్యేసరికి 1616 జనవరి వచ్చేసింది. అక్కణ్ణించి చక్రవర్తి డేరాలు ఎటు కదిలితే ఈయనా అటే: మాండూ, తర్వాత అహ్మదాబాద్. పారశీకం రాదు, దుబాసీలే దిక్కు. ఆ దుబాసీలకేమో పెద్దవాళ్ల ముందు ఈయన కోపాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలంటే వణుకు. నాకూ ఢిల్లీలో మొదటి ఏడాదంతా హిందీతో ఇదే టెన్షన్. "కల్ ఆనా" అంటే రేపు రమ్మనా, ఇక రావద్దనా అన్నది అర్థం కావడానికే ఆర్నెల్లు పట్టింది.

ఇక కానుకలు. టీవీ సీరియళ్లలో చూపిస్తారే, బాకాలు మోగుతుంటే రాయబారి పళ్లెం మీద పట్టుగుడ్డ తొలగిస్తాడు, రాజుగారు ఆహా అంటారు. అంతా ఒట్టిది. రో తెచ్చిన గుర్రబ్బండిని జహంగీర్ మనుషులు విప్పదీసి, లోపలి గుడ్డ బాగాలేదని మంచి గుడ్డ వేయించుకున్నారు. ఇత్తడి మేకులు పీకించి వెండివి కొట్టించుకున్నారు. ఇంగ్లండ్ గుర్రం ఒకటి తెప్పించమని చక్రవర్తి అడిగితే, ఓడలో అంతదూరం బతకదండీ అన్నాడు రో. ఆరు ఎక్కించండి, ఒకటైనా బతక్కపోతుందా, బక్కచిక్కి వచ్చినా ఇక్కడ మేపుకుంటాం అన్నాడట ఆయన.

1617లో అయితే మరీ విడ్డూరం. ఓడలో కొత్తగా వచ్చిన కానుకల పెట్టెలు రో చేతికి అందకముందే యువరాజు ఖుర్రం మనుషులు దారిలో ఆపేసి తండ్రి దగ్గరికి పంపించారు. చక్రవర్తి తనే విప్పి చూసుకున్నాడు. రో లబోదిబోమంటూ వెళ్తే, నాకు నచ్చినవి ఇవేలే అని కుక్కల్ని, కుట్టుపని చేసిన దిండ్లని, మంగలి సామాన్ల పెట్టెని ఉంచేసుకుని, నొచ్చుకోవద్దని బుజ్జగించాడు. ఇచ్చేవాడి చేతికి రాకముందే కానుక చెల్లిపోయింది!

ఇది చదివినప్పుడు నాకు పూతరేకులు గుర్తొచ్చాయి. ఓ దీపావళికి మా ఎండీగారికి ఐడియా వచ్చింది. అందరూ కాజూ కత్లీ ఇస్తారు, మనం మన ఆత్రేయపురం పూతరేకులు ఇద్దామని. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో నలభై డబ్బాలు వచ్చాయి. అందులో పదిహేను డబ్బాల్లో ఉన్నది పొడే. మిగిలినవాటిలో మంచివి ఏరి, ఓ పెద్దాఫీసరుగారి గది బయట పొద్దున పదింటి నుంచి నిలబడ్డాను. మూడున్నరకి పిలిచారు. ఆయన డబ్బా విప్పి, ఒకటి తీసి, చాలా శ్రద్ధగా పైపొర ఒలిచి టేబుల్ కింద చెత్తబుట్టలో వేశారు. తర్వాత రెండో పొర. నేను నోరు తెరిచేలోపే మూడోది కూడా వెళ్లిపోయింది. చివరికి చేతిలో మిగిలిన చక్కెర పొడి నోట్లో వేసుకుని, స్వీటు బాగుంది గానీ ప్యాకింగ్ మరీ ఎక్కువ అన్నారు. "కాగజ్ నహీ హై సర్, ఖానేకా హై" అన్నాను, అది కాగితం కాదు, తినేదేనని. ఆయన మొహం ఎర్రబడింది. ఇంకో మూడు నెలలు మా ఫైలు కదల్లేదు. దానికీ దీనికీ సంబంధం లేదని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. హెడ్డాఫీసు అకౌంట్స్ వాళ్లు బిల్లు వెనక్కి పంపారు, స్వీట్లు ఏ పద్దు కింద రాయాలో తెలియదని. ఎండీగారేమో అప్పటికి విదేశాల్లో. రాయబారికి శత్రువు అవతలి రాజు కాదండీ, సొంత హెడ్డాఫీసే. రో ఉత్తరం రాస్తే ఓడలో లండన్ చేరి జవాబు తిరిగొచ్చేసరికి ఏడాది దాటేది. ఆయన కూడా పంపే కానుకలు నాసిగా ఉన్నాయని మొత్తుకున్నాడు. చివరికి, ఇక్కడికి రాయబారి దండగ, తక్కువ హోదా ఏజెంటుని పెట్టుకుంటే మీ పని ఇంతకంటే బాగా అవుతుందని కంపెనీకి తనే రాశాడు. తన ఉద్యోగం తీసెయ్యమని తనే చెప్పిన నిజాయితీపరుడు!

వాళ్ల కెరీర్ల సంగతి అడిగారు కదా. అప్పట్లో దీనికంటూ ఓ పరీక్షా లేదు, ట్రైనింగూ లేదు. రో ఇక్కడికి రాకముందు అమెజాన్ నది వైపు వెళ్లొచ్చాడు, పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు. ఇక్కణ్ణించి వెళ్లాక 1621 నుంచి 1628 దాకా ఇస్తాంబుల్‌లో రాయబారి. 1629లో స్వీడన్‌కీ పోలండ్‌కీ సంధి కుదర్చడంలో చెయ్యి వేశాడు. చిత్రకారుడు రూబెన్స్ కూడా ఇదే పని చేశాడు. మాడ్రిడ్, లండన్ కొలువుల మధ్య తిరిగాడు. స్పెయిన్‌కీ ఇంగ్లండ్‌కీ 1630లో కుదిరిన శాంతికి దారి వేసినవాళ్లలో ఆయనొకడు. బొమ్మలు వేసి బతికేవాణ్ణి రాచకార్యాలకు వాడతారా అని స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ మొదట సణిగాడు. తర్వాత ఆ రూబెన్స్ చేతే తన బొమ్మ వేయించుకున్నాడనుకోండి. 1554లో టర్కీ సుల్తాన్ సులేమాన్ దగ్గరికి హాబ్స్‌బర్గ్ వంశపు రాజు ఫెర్డినాండ్ రాయబారిగా బయల్దేరిన బుస్బెక్, కదలనివ్వని ఇంట్లో ఏళ్లు గడిపి, జంతువుల్ని పెంచుకుంటూ, పాత చేతిరాత పుస్తకాలు కొనుక్కుంటూ కాలక్షేపం చేశాడు. సర్వీసు రూల్స్ ఉంటే వీళ్లలో ఒక్కరికీ ప్రొబేషన్ పూర్తయ్యేది కాదు.

రో మూడేళ్లు తిరిగి సంపాదించింది సరైన ఒప్పందం కాదు. సూరత్‌లో వ్యాపారం చేసుకోవడానికి ఖుర్రం ఇచ్చిన ఫర్మానా, అంతే. జహంగీర్ తన జ్ఞాపకాల్లో టర్కీ కోడి గురించి రాశాడు, జీబ్రా గురించి రాశాడు, సారస పక్షుల జంట కాపురం గురించి పేజీలకు పేజీలు రాశాడు. రో పేరు ఒక్కచోటా లేదు.

పూతరేకుల బిల్లు ఇంకా నా బీరువాలోనే ఉంది. 2,400 రూపాయలు. వెనక ఎర్ర సిరాతో "వివరణ కోరడమైనది" అని ఉంటుంది.